కియాంటి కొండదారిలో మందు ఎక్కడ ఉన్నది?

ఇటలీ దేశంలో ఫ్లోరెన్స్, సియెనా నగరాల నడుమ విస్తరించిన కొండప్రాంతం పేరు కియాంటి. ద్రాక్షతోటలకు, ఆలివ్ తోపులకు, మధ్యయుగపు కోటలకు ప్రసిద్ధి పొందిన ఈ ప్రాంతానికి ప్రపంచం నలుమూలల నుండి సైకిల్ యాత్రికులు వెళుతుంటారు. ఐరోపాలో స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్ళే మన తల్లిదండ్రులు, యాభై దాటిన ఉద్యోగులు సైతం ఇటీవల ఈ యాత్ర గురించి నన్ను అడుగుతున్నారు. వారు అడిగేవి సాధారణంగా రెండు ప్రశ్నలు. "ఈ వయసులో కొండదారిన సైకిల్ తొక్కవచ్చునా?" అన్నది మొదటిది. దీనిని భయపడుతూ అడుగుతారు. "అక్కడి రెడ్ వైన్ గుండెకు మంచిదట కదా, ఒక గ్లాసు పుచ్చుకుంటే తప్పేమిటి?" అన్నది రెండవది. దీనిని నవ్వుతూ అడుగుతారు. నా అభిప్రాయంలో ఆ భయమూ ఆ నవ్వూ చోటు మార్చుకోవలసి ఉన్నది. తగిన సన్నాహంతో తొక్కే కొండదారి మనకు మేలు చేస్తుంది. నవ్వుతూ అందుకునే గ్లాసు దగ్గరే కాస్త భయం అవసరం.

ఎందుకు ఇలా అంటున్నానో వివరంగా చెబుతాను. ముందుగా ఆ దారిని పరిచయం చేయాలి.

దారి ఎటువంటిది?

ఫ్లోరెన్స్ నుండి సియెనాకు ద్రాక్షతోటల మీదుగా సాగే పాత రోడ్డును "కియాంటిజానా" అంటారు. దాని పొడవు దాదాపు 70 కిలోమీటర్లు. కారులో రెండు గంటలు పట్టని ఆ దూరాన్ని సైకిల్ యాత్రికులు తాపీగా మూడు నాలుగు రోజులు తొక్కుతారు. రాద్దా, గయోలే, బ్రోలియో గ్రామాల మీదుగా చుట్టి వెళితే నూరు కిలోమీటర్లకు చేరువ అవుతుంది.

దూరం కంటె ఇక్కడ లెక్కలోనికి తీసుకోవలసినది ఎత్తుపల్లాలను. గ్రేవే అనే చిన్న పట్టణం సముద్రమట్టానికి సుమారు 230 మీటర్ల ఎత్తున లోయలో ఉంటుంది. అక్కడికి ఆరేడు కిలోమీటర్ల దూరంలోని పాంజానో గ్రామం దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంటుంది. తరువాత వచ్చే కాస్తెల్లీనా 580 మీటర్లకు చేరువ. రాద్దా 530 మీటర్లు. గయోలేకు వచ్చేసరికి మళ్ళీ 360 మీటర్లకు దిగిపోతాము. శత్రువులు దూరం నుండే కనబడాలని పూర్వులు ఊళ్ళను కొండకొమ్ముల మీద కట్టుకున్నారు. అందువలన ప్రతి ఊరికీ ఎక్కాలి, ప్రతి ఊరి నుండీ దిగాలి. ఒక్క పెద్ద కొండను ఎక్కి దిగడం వేరు, రోజుకు నాలుగైదు చిన్న కొండలను ఎక్కి దిగడం వేరు. మోకాళ్ళకు, గుండెకు ఈ రెండవ రకం అలవాటు లేకపోతే మొదటి రోజు మధ్యాహ్నానికే ఆ సంగతి తెలిసివస్తుంది.

ఈ ప్రాంతపు చరిత్ర కూడా ఆ కొండల వంటిదే. ఫ్లోరెన్స్, సియెనాలు మధ్యయుగంలో ఈ నేల కోసం తరతరాలుగా కలహించుకున్నాయి. సరిహద్దు తేల్చుకోవడానికి రెండు నగరాలూ ఒక పందెం వేసుకున్నాయని అక్కడి ఐతిహ్యం. కోడి కూయగానే చెరొక రౌతు తన నగరం నుండి బయలుదేరాలి, ఇద్దరూ కలుసుకున్న చోటే సరిహద్దు. సియెనావారు తెల్లకోడిని పుష్టిగా మేపారట. ఫ్లోరెన్స్‌వారు నల్లకోడిని పస్తు పెట్టారట. ఆకలిగొన్న కోడి తెల్లవారక మునుపే కూసింది. ఫ్లోరెన్స్ రౌతు ముందుగా బయలుదేరి సియెనా గోడల సమీపం వరకు వచ్చేశాడు. ఆ నల్లకోడి బొమ్మే నేటికీ కియాంటి క్లాసికో వైన్ సీసాల మెడ మీద కనబడుతుంది. ఇది కథ. చరిత్రకు తెలిసినది ఏమంటే, 1716లో టస్కనీ పాలకుడు మూడవ కోసిమో దె మెదిచి ఒక శాసనం ద్వారా కియాంటి ద్రాక్షభూముల హద్దులను నిర్ణయించాడు. వైన్ తయారయ్యే ప్రాంతాలకు ప్రభుత్వం హద్దులు గీసిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. బ్రోలియో కోటకు యజమాని, సమైక్య ఇటలీకి రెండవ ప్రధానమంత్రి అయిన బెత్తీనో రికాసోలి 19వ శతాబ్దంలో ఈ వైన్‌కు ఏయే ద్రాక్షలు వాడాలో పరిశోధించి ఒక పద్ధతిని ఏర్పరచాడు.

సైకిల్‌కు కూడా ఇక్కడ ఘనమైన చరిత్ర ఉన్నది. ఫ్లోరెన్స్ శివార్లలోని పోంతె అ ఎమా గ్రామంలో 1914లో జీనో బార్తాలి జన్మించాడు. టూర్ డి ఫ్రాన్స్ పందాన్ని 1938లో ఒకమారు, మరల పదేళ్ళకు 1948లో మరొకమారు గెలిచిన వీరుడు. మధ్యలోని యుద్ధకాలంలో, సాధన కోసం తొక్కుతున్నట్లు కనబడుతూ, యూదులను కాపాడేందుకు సిద్ధం చేసిన నకిలీ గుర్తింపు పత్రాలను సైకిల్ గొట్టాలలో దాచి చేరవేశాడు. ఆ సేవకు గుర్తింపుగా 2013లో, మరణించిన పదమూడేళ్ళకు, ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెం సంస్థ అతనిని గౌరవించింది. తాను చేసిన పనిని జీవితకాలంలో అతడు చాటుకోలేదు. అతని పేరిట ఆ గ్రామంలో ఒక సైకిల్ మ్యూజియం ఉన్నది.

గయోలే గ్రామం నుండి 1997లో "ఎరోయికా" అనే సైకిల్ యాత్ర మొదలయింది. తారు వేయని తెల్లమట్టి దారులు కనుమరుగు కాకుండా కాపాడాలన్నది దాని ఉద్దేశం. 1987కు మునుపటి తరహా పాత సైకిళ్ళతోనే అందులో పాల్గొనాలి. తొలి ఏడాది వచ్చినవారు నూరుమందికి లోపే. నేడు వేలసంఖ్యలో వస్తున్నారు. పెద్ద దారి 200 కిలోమీటర్లకు పైబడినది. చిన్నది 50 కిలోమీటర్లకు లోపు. మార్గమధ్యంలో యాత్రికులకు రొట్టె, చిక్కుడుగింజలు, ఆకుకూరలతో వండిన "రిబొల్లీతా" అనే చిక్కటి పులుసు పెడతారు. వైన్ కూడా పోస్తారు. అక్కడే మన రెండవ ప్రశ్న ఎదురవుతుంది.

గ్లాసులో మందు ఉన్నదా?

రెడ్ వైన్ గుండెకు మంచిదన్న మాట ఎలా పుట్టిందో తెలుసుకోవడం అవసరం. ఫ్రెంచివారు వెన్న, జున్ను, మాంసం పుష్కలంగా తింటున్నా వారిలో గుండెపోటు మరణాలు తక్కువగా ఉన్నాయని, దానికి వైన్ కారణం కావచ్చునని 1991లో అమెరికాలో ఒక టెలివిజన్ కార్యక్రమం ప్రసారమయింది. దానిని "ఫ్రెంచ్ వైచిత్రి" అన్నారు. ఆ వెంటనే అక్కడ రెడ్ వైన్ అమ్మకాలు పెరిగిపోయాయి. తరువాత ద్రాక్షతొక్కలో ఉండే రెస్‌వెరట్రాల్ అనే పదార్థం మీదికి అందరి దృష్టీ మళ్ళింది. ప్రయోగశాలలో కణాల మీద, ఎలుకల మీద అది కొన్ని మంచి ఫలితాలు చూపిన మాట నిజం. అయితే ఒక లీటరు వైన్‌లో ఉండేది కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే. ప్రయోగాలలో వాడిన మోతాదు అందాలంటే పీపాలు ఖాళీ చేయవలసి ఉంటుంది.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. వైన్ ప్రతిష్ఠను పరీక్షించిన ఒక ముఖ్యమైన పరిశోధన సాక్షాత్తూ కియాంటిలోనే జరిగింది. వృద్ధులు నడకశక్తిని ఎందుకు కోల్పోతారో తెలుసుకొనేందుకు 1998లో గ్రేవే పట్టణంలోను, ఫ్లోరెన్స్ పక్కనే ఉన్న బాన్యో అ రీపోలిలోను "ఇన్‌కియాంటి" అనే అధ్యయనం ఆరంభమయింది. అందులో భాగంగా 65 ఏళ్ళు పైబడిన 783 మంది మూత్రంలో రెస్‌వెరట్రాల్ ఆనవాళ్ళను కొలిచారు. తొమ్మిదేళ్ళు వారిని గమనించారు. ఆ కాలంలో 268 మంది మరణించారు. 2014లో ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఆనవాళ్ళు ఎక్కువగా ఉన్నవారికి, తక్కువగా ఉన్నవారికి మధ్య మరణాలలో గాని, గుండెజబ్బులో గాని, క్యాన్సర్‌లో గాని చెప్పుకోదగిన తేడా కనబడలేదు. వైన్‌లోని ఏ పదార్థాన్ని మందు అని ప్రపంచం నమ్మిందో, అది ఆ వైన్ పుట్టిన ఊరి పెద్దలకే ఆయుష్షును పెంచలేదన్నమాట.

"మితంగా తాగేవారు అసలు తాగనివారికంటె ఎక్కువకాలం జీవిస్తారని చదివాము" అని మీరు అనవచ్చు. అటువంటి లెక్కలు వచ్చిన మాట నిజమే. కాని "తాగనివారు" అన్న వర్గంలో జబ్బు చేసి మానివేసినవారు కూడా కలిసిపోయి ఉంటారు. మితంగా వైన్ తాగేవారు తరచుగా కలిగినవారు, చదువుకున్నవారు, మంచి తిండి తినేవారు, వైద్యం అందుబాటులో ఉన్నవారు. మేలు గ్లాసుదో, వారి జీవితానిదో విడదీయడం కష్టం. మరొకవైపు, ఆల్కహాల్ మనుషులలో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. ఆరోగ్యానికి హాని లేని మద్యపు మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది.

మన సంగతికి వద్దాము. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన నా తరం వైద్యులందరూ కాలేయం చెడి పొట్ట ఉబ్బిన రోగులను లెక్కకు మిక్కిలిగా చూశారు. 1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడినప్పుడు చదువుకున్నవారందరూ హర్షించారు. ఆ చదువుకున్నవారి ఇళ్ళలోనే నేడు వైన్ సీసా ఆరోగ్యం పేరిట అలమరలో కూర్చున్నది. సారా పేదవాని దురలవాటు, వైన్ నాగరికుని అభిరుచి అన్న తేడా కాలేయానికి తెలియదు. 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ 125 మిల్లీలీటర్లు తాగితే దాదాపు 13 గ్రాముల ఆల్కహాల్ లోపలికి వెళుతుంది. మన ఊళ్ళలో 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది సుమారు పది గ్రాములు. "విస్కీ ముట్టను డాక్టరుగారూ, ఒక్క గ్లాసు వైన్ మాత్రమే" అనే పెద్దమనిషి ఈ లెక్కను ఒకమారు గుర్తు చేసుకోవాలి.

ద్రాక్షసాగును గాని, దాని మీద బతికే రైతును గాని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. శతాబ్దాల శ్రమ, విజ్ఞానం ఆ తోటలలో ఉన్నాయి. అలవాటు ఉన్నవారు, వైద్యుడు వద్దని చెప్పనివారు, ఆ రోజు సైకిల్ గదిలో పెట్టి తాళం వేసిన తరువాత, భోజనంతో పాటు కొద్దిగా పుచ్చుకుంటే అది వారి ఇష్టం. దానిని రుచి కోసం తాగుతున్నామని చెప్పండి. మందు కోసం అని చెప్పకండి. అలవాటు లేనివారు ఆరోగ్యం పేరు చెప్పి కొత్తగా మొదలుపెట్టవద్దు.

ఎక్కే దారిలో మేలు

వైన్‌ను పరీక్షించిన గీటురాయి మీదనే సైకిల్‌ను కూడా పరీక్షించాలి. 2017లో బ్రిటన్‌లో 2 లక్షల 60 వేలకు పైగా జనం మీద జరిగిన అధ్యయనంలో, సైకిల్ మీద పనికి వెళ్ళేవారిలో మరణాలు 40 శాతం వరకు తక్కువగా కనబడ్డాయి. ఇది కూడా గమనించి వేసిన లెక్కే. ఆరోగ్యవంతులే సైకిల్ ఎక్కుతారు కదా అని ఇక్కడ కూడా ప్రశ్నించవచ్చు. అయితే వ్యాయామానికి వైన్‌కు లేని బలమైన సాక్ష్యం ఒకటి ఉన్నది. మనుషులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుచేత వ్యాయామం చేయించి చూసిన పరీక్షలు ఎన్నో జరిగాయి. రక్తపోటు తగ్గడం, ఇన్సులిన్ మెరుగుగా పనిచేయడం, గుండె, ఊపిరితిత్తుల శక్తి పెరగడం వాటిలో మళ్ళీ మళ్ళీ రుజువయింది. వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఆధారం ఇదే.

కొండదారికి అదనపు గుణం ఉన్నది. చదునైన దారిలో సైకిల్ తన వేగంతో తానే కొంతదూరం పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ప్రతి తొక్కుడుకూ తొడ కండరాలు పని చేయాలి. రక్తంలోని చక్కెరను అత్యధికంగా వాడుకునే కండరాలు ఇవే. మధుమేహం ఇంటింటికీ చేరిన మన ప్రాంతపువారికి ఇంతకంటె ఏమి కావాలి? పైగా కూర్చొని చేసే పని కనుక శరీరబరువు మోకాళ్ళ మీద నడకలో పడినంతగా పడదు.

ఎత్తు ఎక్కలేనివారు బ్యాటరీ సాయం ఉన్న సైకిల్ తీసుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. తొక్కితేనే సాయపడే ఆ రకం సైకిల్ మీద కూడా శరీరానికి మధ్యస్థ వ్యాయామం అందుతుంది. ఇటీవల మోకాలి ఆపరేషన్ అయినవారు, అరవై దాటినవారు, జంటగా వెళ్ళేటప్పుడు ఒకరికి ఒకరు సమానం కానివారు దానినే ఎంచుకోవడం వివేకం.

వెళ్ళదలచినవారికి

1. కనీసం ఎనిమిది వారాల ముందు సాధన మొదలుపెట్టండి. అరగంటతో ఆరంభించి క్రమంగా పెంచండి. వరుసగా రెండు రోజులు తొక్కడం అలవాటు చేసుకోండి. కొండలు లేని ఊళ్ళో రద్దీ లేని వేళ ఫ్లైఓవరే కొండ. విశాఖవాసులకు కైలాసగిరి, హైదరాబాదువారికి వికారాబాదు సమీపంలోని అనంతగిరి ఉన్నాయి.

2. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు, మెట్లెక్కితే ఛాతీ బిగిసేవారు వైద్యుని సంప్రదించకుండా వెళ్ళవద్దు. విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసిన ఇ.సి.జి. సవ్యంగా ఉన్నంత మాత్రాన కొండ ఎక్కడానికి అనుమతి దొరికినట్లు కాదు. ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమో కాదో మీ వైద్యుడు నిర్ణయిస్తారు.

3. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు ఈ సంగతిని శ్రద్ధగా చదవాలి. వ్యాయామం రక్తంలో చక్కెరను తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం కొత్తగా చక్కెరను తయారుచేసి ఆదుకుంటుంది. కాని ఆల్కహాల్ లోపల ఉన్నప్పుడు కాలేయం ఆ పని సరిగా చేయలేదు. మాత్ర, కొండ, గ్లాసు, ఈ మూడూ కలిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, అది కూడా కొన్ని గంటల తరువాత, నిద్రలో. చెమటలు, తూలడం, మాట తడబడడం దాని లక్షణాలు. చూసేవారికి ఇవి తాగినవాని లక్షణాలుగానే కనబడతాయి. వైన్ తోటల నడుమ తూలుతున్న మనిషిని రోగి అని ఎవరు అనుమానిస్తారు? నేను భయపడమని చెప్పింది ఈ గ్లాసును చూసే. జేబులో గ్లూకోజ్ బిళ్ళలు, మెడలో గాని చేతికి గాని మీ జబ్బు తెలిపే బిళ్ళ ఉంచుకోండి. మాత్రల మోతాదు మార్పును మీ వైద్యునితో ముందే మాట్లాడుకోండి.

4. ఎక్కేటప్పుడు తేలిక గేరు వేసుకోండి. మాట్లాడగలిగి, పాట పాడలేని స్థితి సరైన శ్రమ. మాట కూడా రాకపోతే దిగి నడిపించుకు వెళ్ళండి. ఛాతీలో బిగువు, దవడకో చేతికో పాకే నొప్పి, అసాధారణమైన ఆయాసం వస్తే అక్కడే ఆగి 112కు ఫోన్ చేయించండి. మన 108 వలె అక్కడ అది అత్యవసర సంఖ్య. మధుమేహ రోగులలో గుండెపోటు నొప్పి లేకుండా ఆయాసంగా మాత్రమే రావచ్చు.

5. దిగేటప్పుడే ఎముకలు విరుగుతాయి. ఏ లివర్ ముందు చక్రపు బ్రేకో, ఏది వెనుకదో బయలుదేరేముందే పరీక్షించండి. దేశాన్ని బట్టి అది మారుతుంది. తెల్లమట్టి దారిలో మలుపు మధ్యలో బ్రేకు పట్టకండి, మలుపుకు ముందే వేగం తగ్గించండి. ఇటలీలో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయన్న సంగతి మరువవద్దు. హెల్మెట్ తప్పక పెట్టుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవారికి తలదెబ్బ మరింత ప్రమాదం. రక్తంలో లీటరుకు 0.5 గ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే అక్కడ సైకిల్ నడపడం కూడా నేరమే.

6. జులై, ఆగస్టు నెలల ఎండ తీవ్రంగా ఉంటుంది. ఏప్రిల్ నుండి జూన్ మొదటి భాగం వరకు, సెప్టెంబరు, అక్టోబరు మాసాలు అనుకూలం. ద్రాక్షపండ్ల కోత కూడా సెప్టెంబరు, అక్టోబరులలోనే. దాహం వేయకముందే నీరు తాగండి. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవారు, మూత్రం ఎక్కువగా పోయే రక్తపోటు మాత్రలు వాడేవారు నీటి మోతాదును వైద్యుని అడిగి తెలుసుకోండి.

7. ప్రయాణ బీమా పత్రాన్ని పూర్తిగా చదవండి. పాత జబ్బులకు వర్తిస్తుందా, సైకిల్ ప్రమాదానికి వర్తిస్తుందా అన్నవి చూడవలసిన రెండు వాక్యాలు.

చివరిగా

కియాంటికి వెళ్ళే స్తోమత అందరికీ ఉండదు, వెళ్ళనక్కరలేదు కూడా. నాకు కావలసినది మన ఆలోచనలో ఒక దిద్దుబాటు. ఒకప్పుడు మన పల్లెలలో పాలవాడు, పోస్ట్‌మన్, బడిపంతులు, అందరూ సైకిల్ మీదనే తిరిగారు. మోటారు వచ్చాక దానిని పేదరికపు గుర్తుగా భావించి వదిలివేశాము. ఆరోగ్యం మాత్రం విదేశీ సీసాలో దొరుకుతుందేమోనని వెతుకుతున్నాము. ఆ సీసా పుట్టిన గడ్డ మీదనే జనం సైకిల్ ఎక్కి మట్టిదారులను కాపాడుకుంటున్నారు.

నల్లకోడి పందెంలో పస్తు ఉన్న కోడి గెలిచిందన్నది కథ. అలా పస్తు ఉండి తొక్కమని నేను చెప్పను. వేళకు తినండి, తగినంత తాగండి, నీళ్ళే సుమా. నెమ్మదిగా ఎక్కండి. కొండ మీది ఊరు ఎక్కడికీ పోదు.